మోటారు ఎవరు వేశారు?

(విజయవాడలో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్న విద్యార్థులతో ఒక వీడియో ఎడిటర్ మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

లైట్లు వేసేయ్ బాబూ. చాలు.

ఇప్పుడు మీకు వినిపించింది నలభై సెకన్లు. బొమ్మ లేదు, మాట లేదు. ఏంటో చెప్పండి చూద్దాం. ఏంటమ్మా? హెలికాప్టరా? (నవ్వులు) కాదు. వెనక ఎవరో సరిగ్గా చెప్పారు. నీళ్ళ మోటారు. మా ఇంట్లో సంపు దగ్గరుండే మోటారు. ముందు టక్కుమని స్విచ్చి, తర్వాత మోటారు గుర్రుమని అందుకోవడం, కాసేపటికి పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు. పొద్దున లేస్తే మీరందరూ వినేదే. అందుకే ఎవరూ భయపడలేదు.

ఇప్పుడు దీనికి నాలుగు ముక్కలు కలుపుతాను. అమ్మానాన్న ఊరెళ్ళారు. ఇంట్లో మీరొక్కరే. రాత్రి రెండుంబావు. మోటారు స్విచ్చి వంటింట్లో ఉంది, మీరు పక్క గదిలో మంచం మీద ఉన్నారు. మళ్ళీ వినండి.

(శబ్దం మళ్ళీ వినిపించారు)

ముందు వరసలో ఆ అమ్మాయి పక్కమ్మాయి చెయ్యి పట్టుకుంది, నేను చూశాను. ఫోన్లో రికార్డు చేశానండీ ఇది. మంచి టేక్ కోసం నాలుగుసార్లు వేసి ఆపేసరికి ట్యాంకు నిండి మేడంతా నీళ్ళయ్యాయి, మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను. దీనికైన ఖర్చు అదే.

నేను డైరెక్టర్ని కాదు. అది ముందే చెప్పేస్తే మంచిది. గవర్నరుపేటలో నాకు వీడియో మిక్సింగ్ షాపు ఉంది. ఇరవై ఏళ్ళ పైమాటే. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మాకు పని ఉండదు. ఆ ఖాళీ రోజుల్లోనే మీలాంటి పిల్లలు పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి వస్తారు. "అంకుల్, హారర్ అండీ. షూటింగ్ అయిపోయింది. మీరు కొంచెం భయం కలిపి ఇవ్వండి." కూరలో ఉప్పు తక్కువైతే పైన చల్లినట్టు! అప్పట్లో నాకూ తెలియక చల్లేవాణ్ణి. ఢమాల్‌మని ఒక సౌండు, కీచుమని ఒక వయొలిన్, నీలం రంగు. పిల్లలు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. చూసినవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు.

అట్లా నా చేతి మీదుగా వెళ్ళిన వాటిలో ముప్పాతిక మందివి ఒకటే కథ. అయిదుగురు స్నేహితులు. ఒక కారు. ఊరి బయట ఒక పాడుబడిన బిల్డింగు. అందులో ఒకడు "దెయ్యాలు లేవు, ఏం లేవు" అంటాడు. వాడే ముందు పోతాడు. చివర్లో తెల్లచీర కట్టుకుని, జుట్టు ముందుకేసుకుని, ఎవరో ఒకరి చెల్లెలు నిలబడుతుంది. ఆ అమ్మాయిని వెతికి తేవడానికి, విగ్గుకి, తెల్ల పౌడరుకి, కళ్ళలో పెట్టే తెల్ల లెన్సులకి ఉన్న డబ్బులో సగం అయిపోతుంది. ఆ లెన్సుల సంగతి కూడా చెబుతాను. కళ్ళ డాక్టర్ని అడక్కుండా ఆన్‌లైన్లో తెప్పించి, ఒకరు పెట్టుకున్నవే ఇంకొకరు పెట్టుకుని షూటింగ్ చేస్తున్నారు. కన్ను పాడవుతుంది. నవ్వే విషయం కాదు.

ఆ పాడుబడిన బిల్డింగు దగ్గరికి వద్దాం. అసలు అక్కడికెందుకు వెళ్ళారు? దెయ్యం అక్కడుంటుందని. కానీ మీ సినిమా చూసేవాడు ఎక్కడుంటాడు? పటమటలో రెండు బెడ్రూముల ఫ్లాట్లో ఉంటాడు. సింగ్ నగర్లో అద్దింట్లో ఉంటాడు. మీరు ఎంత భయపెట్టినా "నేను ఆ బిల్డింగుకి వెళ్ళను, అయిపోయె" అనుకుని దుప్పటి కప్పుకుంటాడు. అదే, వాడి మంచం పక్క గదిలో మోటారు ఆన్ చేశారనుకోండి. వాడెక్కడికి పోతాడు?

ఈ మాట నాకు ఎవరు నేర్పారంటే, మా అమ్మమ్మగారి ఊరు. తెనాలి పక్కన. నేను చిన్నప్పుడు, తొంభైల్లో, సెలవులకి వెళితే తలుపుల మీద సుద్దముక్కతో, బొగ్గుతో రాసి ఉండేది: "ఓ స్త్రీ రేపు రా". మీ పెద్దవాళ్ళని అడగండి, చాలామందికి గుర్తుంటుంది. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం వచ్చి మనకు తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుంది. పలికామా, అంతే. అందుకని తలుపు మీద ఆ మాట రాస్తే అది చదువుకుని, సరే రేపొద్దామని వెళ్ళిపోతుంది. రేపొచ్చినా అదే మాట. కన్నడం వాళ్ళు "నాళే బా" అని రాసేవాళ్ళట, అదే కథ.

ఇందులో ఏముందో చూడండి. దెయ్యం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. తెల్లచీరో నల్లచీరో తెలియదు. ఉన్నది ఒక గొంతు. అదీ మనవాళ్ళ గొంతు. ఒక తలుపు, దాని మీద నాలుగు మాటలు. అంతకుముందు రాత్రి తొమ్మిదింటికి మా అమ్మమ్మ "ఒరేయ్" అంటే "ఆ" అని పరిగెత్తేవాణ్ణి. ఆ సెలవుల్లో పిలిస్తే పలకలేదు. మూడుసార్లు పిలిస్తేనే పలకాలని మాకు మేమే రూలు పెట్టుకున్నాం. అమ్మమ్మకి ఒళ్ళు మండేది. ఎన్ని ఊళ్ళని భయపెట్టిందండీ అది! బడ్జెట్ ఎంత? ఒక సుద్దముక్క.

పరాయి దేశాల వాళ్ళూ చేసింది ఇదే. 1968లో జార్జ్ రొమెరో అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర స్నేహితుల డబ్బులు కూడగట్టి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ తీశాడు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తం బదులు చాక్లెట్ సిరప్ పూశారు. రంగు కనపడదు కదా. ఓరెన్ పెలీ అని ఒకాయన, వీడియో గేములకి ప్రోగ్రాములు రాసుకునేవాడు. 2006లో శాన్ డియాగోలో తన సొంత ఇంట్లోనే, వారం రోజుల్లో, పదిహేను వేల డాలర్ల లోపలే పారానార్మల్ యాక్టివిటీ తీశాడు. 2009లో థియేటర్లకు వచ్చి కోట్ల డాలర్లు వసూలు చేసింది. అందులో ఎక్కువసేపు ఏముంటుంది? స్టాండు మీద కదలని కెమెరా, మంచం మీద నిద్రపోతున్న ఇద్దరు, మూలన పరిగెడుతున్న గడియారం అంకెలు, తెరిచి ఉన్న తలుపు. ఆ తలుపు జానెడు కదులుతుంది. జానెడే.

నాకు వాటన్నిటికంటే లైట్స్ ఔట్ ఇష్టం. 2013లో స్వీడన్‌లో డేవిడ్ శాండ్‌బర్గ్ వాళ్ళ ఫ్లాట్లో తీసుకున్న షార్ట్ ఫిల్మ్. నటించింది ఆయన భార్య లొట్టా లోస్టెన్. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఆవిడ పడుకోబోతూ వరండా లైటు ఆపుతుంది. చీకట్లో అవతల ఎవరో నిలబడ్డట్టు నీడ. లైటు వేస్తే లేదు. ఆపితే ఉంది. మళ్ళీ వేస్తే లేదు. అక్కడ నటించింది లైటు స్విచ్చండీ! అది చూసిన రాత్రి నేను మా హాల్లో లైటు ఆపడానికి మా అబ్బాయిని పంపించాను. (నవ్వులు) మూడేళ్ళకి, 2016లో, హాలీవుడ్ వాళ్ళు ఆయన చేతే దాన్ని పెద్ద సినిమాగా తీయించారు.

మన ఊళ్ళో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న రామ్‌గోపాల్ వర్మ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి చెబుతాను. 1992లో వచ్చిన ఆయన సినిమా "రాత్రి"లో కెమెరా నడకని చూడండి. అది మనిషిలా నడవదు, అదే దెయ్యంలా నడుస్తుంది. మీ ఫోన్ని నేలకి జానెడెత్తులో పట్టుకుని మీ ఇంటి హాల్లో నడిపించి చూడండి, పగలే.

సరే, నా పని సౌండూ ఎడిటింగూ కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మీరు తెచ్చే ఫుటేజ్‌లో బొమ్మ బాగానే ఉంటుంది. ఈరోజుల్లో ఫోన్లు అట్లాంటివి. సౌండే ఘోరం. పాత్ర అక్కడెక్కడో పది అడుగుల దూరంలో గుసగుసగా మాట్లాడుతుంది, మీరు ఇక్కడ ఫోన్‌తోనే సౌండ్ పట్టేస్తారు. నాకొచ్చేది ఫ్యాను చప్పుడు. అందుకే రెండో ఫోన్ తీసుకోండి. నటించేవాళ్ళ చొక్కా జేబులోనో, బల్ల మీద పుస్తకం చాటునో పెట్టి విడిగా రికార్డు చేయండి. ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్లు పట్టుకుని నేను రెండూ కలుపుకుంటాను. షాటయ్యాక అందరూ ఊపిరి బిగబట్టి ఒక్క నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయండి. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఏ రెండు గదుల నిశ్శబ్దమూ ఒకటిగా ఉండదు. అది లేకుండా నేను మాటల మధ్య సౌండు కోసేస్తే అక్కడ గుంట పడ్డట్టు ఉంటుంది, చూసేవాడికి సినిమా అని గుర్తొచ్చేస్తుంది.

ఎముక విరిగిన చప్పుడు కావాలా? రైతు బజారుకెళ్ళి ములక్కాడలు తెచ్చుకోండి. మైకు పక్కన పెట్టి నెమ్మదిగా మెలిపెట్టి విరవండి. కొంచెం లావు కాడలైతే ఇంకా బాగుంటుంది. తర్వాత సాంబారు పెట్టుకోవచ్చు. తడి తువ్వాలు గచ్చు మీద ఈడిస్తే ఎవర్నో ఈడ్చుకెళ్తున్నట్టే ఉంటుంది. కుక్కర్ విజిల్ రావడానికి ముందు ఆవిరి బుసకొడుతుంది చూశారా, ఆ బుసని సగం స్పీడులో వినండి. నేనింక చెప్పను.

ఇంకో గొడవ. బెజవాడలో ఏ మూల రికార్డు చేసినా రైలు కూత వచ్చి పడుతుంది. ఎంత పెద్ద జంక్షనో మీకు తెలుసు. పిల్లలు "అంకుల్, ఆ రైలు తీసేయండి" అంటారు. ఎట్లా తీస్తానమ్మా, మాట మీదే కూర్చుంటే? తీయడం ఎందుకు, వాడుకోండి. సత్యనారాయణపురం మధ్యలోంచి ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. తీసేశారు. ఇప్పుడక్కడ బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, సాయంత్రమైతే బళ్ళ దగ్గర నూడుల్స్ తింటుంటారు. ఆ రోడ్డు పక్కింట్లో ఒక ముసలాయన. రాత్రి ఒంటిగంటకి మంచం కొద్దిగా అదురుతుంది, స్టాండులో గ్లాసులు గలగలలాడతాయి, కిటికీ అవతల నుంచి రైలు పోతున్న చప్పుడు. కిటికీ తీస్తే ఖాళీ రోడ్డు. నూడుల్స్ బండి మీద టార్పాలిన్ కప్పేసి ఉంది. ముసలాయన భయపడడు. గోడ గడియారం చూసి "ఇవాళ లేటు" అంటాడు. ఈ కథ నాది, ఎవరైనా తీసుకోండి, నాకు డబ్బులొద్దు. పేరు మాత్రం వేయండి. (చప్పట్లు)

కెమెరా గురించి తక్కువే చెబుతాను, నాకంటే మీకే బాగా తెలుసు. అయినా ఒకటి. ట్యూబులైటు కింద తీసినప్పుడు బొమ్మ మీద చారలు పాకుతుంటాయి కదా, కొంతమంది అది కూడా దెయ్యం ఎఫెక్టే అనుకుని వదిలేస్తున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ మారుతుంది. లైటు ఒక్కోదానికి రెండుసార్లు, అంటే సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది. ఫోన్లో ప్రో మోడ్‌కి వెళ్ళి షట్టర్ స్పీడు సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, చారలు పోతాయి.

ఇంకోటి, చీకటి. హారర్ అంటే అంతా చీకటే అనుకుని కటిక చీకట్లో తీస్తారు. ఫోన్లో ఉండేది చిన్న సెన్సార్, చీకట్లో బొమ్మంతా ఇసుక పోసినట్టు అవుతుంది. పైగా యూట్యూబ్‌లో పెట్టేసరికి వాళ్ళు వీడియోని కుదిస్తారు, మీ చీకటి అంతా గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. ఇక దాన్ని చూసేవాడు మధ్యాహ్నం బస్సులో, ఎండలో చూస్తాడు. వాడికి వాడి మొహమే కనిపిస్తుంది. (నవ్వులు) చీకటి తెలియాలంటే ఫ్రేములో ఒక వెలుగు ఉండాలి. దేవుడి గదిలో జీరో బల్బు, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే లైటు, ఇన్వర్టర్ మీద ఎర్ర చుక్క. ఇన్వర్టర్ అంటే గుర్తొచ్చింది, ఛార్జింగ్ అయిపోయేముందు అది కూసే కూతని మించిన బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ నాకింతవరకు దొరకలేదు. నెట్‌లో దింపిన పెద్ద సినిమా మ్యూజిక్ పెట్టారంటే కాపీరైట్ క్లెయిమ్ ఎట్లాగూ పడుతుంది.

రక్తం సంగతి తొందరగా చెప్పేస్తాను. బెల్లం పాకంలో ఎర్ర ఫుడ్ కలర్ కలిపితే వచ్చేది శుభకార్యం రంగు. కాఫీ డికాషన్ రెండు చుక్కలు వేయండి, ముదురుతుంది. పూసుకున్నవాణ్ణి గంటసేపు నేల మీద పడుకోబెట్టకండి. మా వాళ్ళు పడుకోబెట్టారు. చీమలు ముందొచ్చాయి, కట్ తర్వాత చెప్పారు.

ఇప్పుడు నా సొంత తప్పొకటి. ఒకసారి ఒక కుర్రాడి కోసం సౌండ్ చూడ్డానికి నేనే షూటింగ్‌కి వెళ్ళాను. మేడ మీద గది, రాత్రి పన్నెండున్నర. అమ్మాయి కేక పెట్టాలి. పెట్టింది. నేను "ఇంకోటి" అన్నాను. ఆరోసారి అద్భుతంగా పెట్టింది. తలుపు తీసి చూస్తే మెట్ల మీద పదిమంది. ఒకాయన చేతిలో క్రికెట్ బ్యాటు. ఒక పెద్దావిడ చేతిలో విభూతి. వెనక ఇద్దరు పోలీసులు. ఫోన్లో ఫుటేజ్ చూపించి, ఆ అమ్మాయి చేత నవ్వుతూ చెప్పించి, మమ్మల్ని మేము రక్షించుకునేసరికి రెండయింది. తప్పు వాళ్ళది కాదు. అర్ధరాత్రి ఆడపిల్ల ఆరుసార్లు కేకపెడితే పరిగెత్తుకొచ్చిన వీధి అది, దానికి నేను దణ్ణం పెట్టాలి. ఇరుగుపొరుగుకి ముందే చెప్పుకోకపోవడం నా బుద్ధితక్కువ. కేక పగలే, ఆగి ఉన్న కారులో అద్దాలు ఎత్తి రికార్డు చేసుకోండి. కారుని మించిన సౌండ్ రూము ఆ ధరకి దొరకదు. నటించే అమ్మాయిల్ని ఎన్నింటికి ఇంటికి చేరుస్తారో వాళ్ళ ఇంట్లో ముందే చెప్పి, ఆ టైముకి చేర్చండి. ఉండవల్లి గుహల దగ్గర స్టాండు వేయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. రైలు పట్టాల మీదకి మాత్రం అసలు వెళ్ళొద్దు. నేరం సంగతి సరే, మనిషి దక్కడు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను, కొందరు నా షాపు మీద అలిగి వెళ్ళారు కూడా. చేతబడి కథ తెస్తారు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ, ఆవిడే అన్నిటికీ కారణం, చివర్లో ఊరంతా కలిసి ఆవిణ్ణి కొడితే మ్యూజిక్ పైకి లేస్తుంది. అది నేను మిక్సింగ్ చెయ్యను. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని నిజంగానే కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పేపర్లలోనే చదివాం. మీకు కథ కావాలంటే ఆ ముసలావిడ ఇంట్లో కెమెరా పెట్టండి. రాత్రి తలుపు బయట జనం మాటలు, టార్చిలైట్లు. హారర్ అక్కడుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ఏంటమ్మా? జంప్ స్కేర్, అంటే ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసేది, పెట్టడం తప్పా? తప్పేం లేదు. దీపావళికి లక్ష్మీబాంబు కాల్చారా ఎప్పుడైనా? వత్తి అంటించి పరిగెత్తి, గోడ చాటున చెవులు మూసుకుంటాం. పేలుతుందా, తుస్సుమంటుందా, దగ్గరికెళ్ళి చూడాలా? భయమంతా అప్పుడే. పేలాక అందరం నవ్వుతాం. మీరు వత్తి లేకుండా బాంబులు పేలుస్తున్నారు. పది నిమిషాల్లో ఒక్కటి పెట్టండి, దానికి వత్తి పొడుగ్గా ఉంచండి.

ఎన్ని నిమిషాలుండాలా? మీ దగ్గరున్న కథకి నాలుగు చాలు. ఏ కథో చెప్పకుండానే చెబుతున్నాను, నాలుగు చాలు.

ఆ చివర, ఎర్ర చొక్కా తమ్ముడు. గట్టిగా చెప్పు. ఆ… ఈ తమ్ముడి కథలో వంటింట్లో అమ్మ ఉంటుందట. కొడుకు హాల్లోంచి మాట్లాడుతూ ఉంటాడు, అమ్మ పలుకుతూ ఉంటుంది, ఇంతలో అమ్మ ఫోన్ చేస్తుంది, బజార్లో ఉన్నానని. బాగుంది. మరి సమస్యేంటి? వాళ్ళమ్మగారు నటించనంటున్నారు, సిగ్గట. వేరే ఆవిడ కోసం వెతుకుతున్నారా? వద్దు. ఆవిణ్ణి మొహం చూపించమని అడగొద్దు. వంటింటి గుమ్మం పక్కన నిలబడి గోడ మీద చెయ్యి వేయమను. చెయ్యి ఒక్కటే ఫ్రేములో ఉండాలి. మొహం కనపడదంటే ఏ అమ్మయినా ఒప్పుకుంటుంది. గాజులు వేసుకుంటారుగా? ఆ గాజుల చప్పుడు మాత్రం విడిగా, దగ్గరగా రికార్డు చేసుకుని నా దగ్గరికి తీసుకురా. ఫ్యాన్ ఆపి చెయ్యి.